గాజువాక దీపం... లంబసింగి మంచు!

డిసెంబరు వచ్చిందంటే చాలు, విశాఖ కార్లు కొండదారి పడతాయి. వాటిలో చాలా కార్లు అంతకన్నా ముందు గాజువాక దారి పడతాయి! కంపెనీ ఇచ్చిన ఫాగ్ లైట్లు పీకించి, ధగధగలాడే ఎల్ఈడీలు పెట్టించుకోవడానికి. ఆ దీపాలు మంచులో నిజంగానే దారి చూపిస్తాయా? లేక ఎదురొచ్చేవాడికి దారి కనపడకుండా చేస్తాయా? ఓడరేవు నుంచి ఘాట్ దాకా ఆ వెలుగు వెంటే ఓసారి వెళ్లొద్దాం రండి.

విశాఖపట్నాన్ని పగలు చూసినవాళ్లు సముద్రం గురించి చెబుతారు. రాత్రి చూసినవాళ్లు మాత్రం దీపాల గురించి చెప్పాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద 1957 నుంచీ లైట్‌హౌస్ తిరుగుతూనే ఉంది. దాని కింద ఓడరేవులో క్రేన్ల దీపాలు, లంగరేసి వంతు కోసం ఎదురుచూస్తున్న ఓడల దీపాలు. ఇటు తిరిగితే ఉక్కు కర్మాగారం వైపు ఆకాశంలో ఎర్రటి జీర. ఈ రెంటి మధ్యా జాతీయ రహదారి మీద తెల్లవార్లూ లారీల వరస. ఊరు నిద్రపోయినా వెలుగు నిద్రపోని ఊరిది.

అలాంటి ఊరివాళ్లకు చీకటంటే భయం ఉండదు. కానీ మంచు అలా కాదు. చీకట్లో దీపం వేస్తే దారి కనిపిస్తుంది. మంచులో దీపం వేస్తే మంచే కనిపిస్తుంది! ఈ ముక్క తెలియాలంటే తెల్లారుజామున అనంతగిరి ఘాట్‌లోనో, లంబసింగి దగ్గరో స్టీరింగ్ పట్టుకోవాలి. ఒక్కసారి పట్టుకున్నవాళ్లు తిరిగి రాగానే చేసే పని ఒకటే... మంచి ఫాగ్ లైట్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవడం.

ఆటోనగర్‌లో ఓ పొద్దు

ఆ ప్రశ్నకు విశాఖలో ఎక్కువమంది చెప్పే జవాబు గాజువాక, ఆటోనగర్. ఒకప్పుడు గాజువాక పల్లెటూరే. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం 1966లో ఊరూరా మార్మోగింది. 1971 జనవరిలో కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. ఉక్కుతోపాటే గాజువాకా పెరిగింది. మరోపక్క 1933లో మొదలైన ఓడరేవు ఉండనే ఉంది. బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువులు, కంటెయినర్లు... ఇవన్నీ మోసే లారీలకు మరమ్మతులు చేసే చోటు ఒకటి కావాలి కదా. ఆ అవసరంలోంచి ఎదిగిందే ఆటోనగర్ లాంటి పేట.

అక్కడి వీధుల్లో నడుస్తుంటే బోర్డులు చదవడమే ఓ సరదా. టింకరింగ్, పెయింటింగ్, కమాన్ పట్టీలు, రేడియేటర్లు, సెల్ఫ్ - డైనమో వర్క్స్... ఒక్కో షాపుదీ ఒక్కో విద్య. డీజిలూ గ్రీజూ కలగలిసిన వాసన, ఎక్కడో సమ్మెట దెబ్బ, ఇంకెక్కడో వెల్డింగ్ మెరుపు. వీటి మధ్యే అద్దాల షోకేసుల్లో కొత్త తరం దీపాలు! గుండ్రటివి, పొడుగాటివి, పురుగు కన్నుల్లా గుత్తులుగా ఉండేవి. వందల్లో దొరికేవీ ఉన్నాయి, వేలల్లో పలికేవీ ఉన్నాయి.

షాపు ముందు కారు ఆపగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న... ‘‘వైటా, ఎల్లోనా? రెండూ మారేదా బాబూ?’’ ఆ తరువాత పని చకచకా జరిగిపోతుంది. బంపరు కింద చెయ్యి పెట్టి పాత బల్బు తిప్పి లాగడం, కొత్తది దూర్చడం, కనెక్టరు నొక్కడం. టీ తాగి వచ్చేలోపు కారు ముందు రెండు చిన్న సూర్యుళ్లు! చూసినవాళ్లు ‘అబ్బో’ అంటారు. యజమాని మురిసిపోతాడు.

ఇంతకీ ఆ వెలుగు ఎటు పోతోంది? రోడ్డు మీదకా, ఎదుటివాడి కళ్లలోకా? చాలాసార్లు ఈ ప్రశ్న అడగకుండానే కారు ఇంటికి బయల్దేరిపోతుంది. అసలు కథ అక్కడే ఉంది.

తక్కువ ఎత్తు... వెడల్పాటి వెలుగు

లైట్‌హౌస్ దీపం ఎందుకు ఎత్తున ఉంటుంది? దూరాన్నుంచి అందరికీ కనపడాలి కాబట్టి. ఫాగ్ లైటు ఎందుకు నేలకు దగ్గరగా ఉంటుంది? సరిగ్గా దానికి వ్యతిరేకమైన పని చెయ్యాలి కాబట్టి. అది దూరానికి పోకూడదు. పైకి అసలే పోకూడదు.

మంచంటే మరేం కాదు, గాలిలో తేలే సన్నటి నీటి బిందువులు. హెడ్‌లైటును హైబీమ్‌లో పెడితే ఆ వెలుగు కోట్లాది బిందువులకు తగిలి చెదిరిపోతుంది. అందులో కొంత తిరిగి మన కళ్లలోకే వస్తుంది. ముందు తెల్లటి దుప్పటి కట్టినట్టుంటుంది. వెలుగు పెంచేకొద్దీ దుప్పటి చిక్కనవుతుంది. అందుకే పొగమంచులో హైబీమ్ వెయ్యొద్దంటారు.

ఫాగ్ లైటు ఈ చిక్కును తెలివిగా దాటుతుంది. బంపరు కింది నుంచి, విసనకర్ర పరిచినట్టు వెడల్పుగా, చదునుగా వెలుగు పరుస్తుంది. దాని పై అంచు కత్తితో కోసినట్టుండాలి. ఆ అంచుకు పైన చీకటి. దానివల్ల మన కంటికీ రోడ్డుకూ మధ్య ఉన్న మంచు ఎక్కువగా వెలగదు. కారు ముందున్న కొద్ది మీటర్ల రోడ్డు, ఎడమ పక్క తెల్లగీత, మలుపు దగ్గర గట్టు మాత్రం కనిపిస్తాయి. ఫాగ్ లైటు పని అంతే. అది దూరం చూపించే దీపం కాదు, అంచు చూపించే దీపం. ఎన్ని వేలు పోసినా మంచులో దూరం చూపించే దీపం దొరకదు.

పసుపా? తెలుపా?

విశాఖలోనే కాదు, దేశమంతా ఫాగ్ లైటనగానే పసుపు గుర్తొస్తుంది. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని నమ్మకం. ఫ్రాన్స్‌లోనైతే 1930ల చివరి నుంచి 1993 దాకా కార్ల హెడ్‌లైట్లు కూడా పసుపే ఉండాలన్న నిబంధన నడిచింది.

శాస్త్రం మాత్రం వేరే మాట చెబుతుంది. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణం గాలిలోని అతి సూక్ష్మమైన అణువులు. అవి నీలం వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి, ఎరుపును తక్కువగా. మంచు బిందువులు అంత చిన్నవి కావు. వెలుగు తరంగం పొడవు మైక్రాన్‌లో సగం ఉంటే, మంచు బిందువు కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత పెద్ద బిందువుకు నీలమైనా పసుపైనా దాదాపు ఒకటే. అన్ని రంగులనూ ఇంచుమించు సమంగానే చెదరగొడుతుంది. మంచు తెల్లగా కనిపించేది కూడా అందుకే!

మరి పసుపు దండగేనా? అదీ కాదు. నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగు చాలామంది కళ్లకు గుచ్చుకున్నట్టుంటుంది. ఎదురొచ్చేవాడికి మరీ ఇబ్బంది. పసుపులో ఆ నీలం తక్కువ కాబట్టి కంటికి హాయి. షాపులో 3000 కెల్విన్ అని రాసి ఉంటే పసుపు, 6000 కెల్విన్ అని ఉంటే నీలం ఛాయ ఉన్న తెలుపు అని గుర్తు. కాబట్టి పసుపు తీసుకుంటే తప్పేం లేదు. కాకపోతే మంచును చీలుస్తుందని కాదు, కళ్లను బతకనిస్తుందని.

ఐదు రోజుల తేడాలో...

ఎల్ఈడీకీ విశాఖకూ ఓ చిత్రమైన చుట్టరికం ఉంది. ఎర్ర, పచ్చ ఎల్ఈడీలు మనకు ఎప్పటినుంచో తెలుసు. రేడియోల మీద, టీవీల మీద మినుకుమినుకుమనేవి అవే. తెల్లటి వెలుగు కావాలంటే నీలం ఎల్ఈడీ చెయ్యాలి. అది దశాబ్దాల పాటు ఎవరికీ కొరుకుడు పడలేదు. జపాన్‌లో పుట్టిన శాస్త్రవేత్తలు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా దాన్ని సాధించారు. ఆ నీలం చిప్పు మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూత పూస్తే తెల్లటి వెలుగొస్తుంది. ఇప్పుడు మన కార్లలో, ఇళ్లలో వెలిగే ఎల్ఈడీలన్నీ దాదాపు ఆ కిటుకు మీదే నడుస్తున్నాయి. ఆ ముగ్గురికీ భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించింది 2014 అక్టోబరు 7న.

సరిగ్గా ఐదు రోజులకు, అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. చెట్లు, కరెంటు స్తంభాలు, తీగలు నేలకూలాయి. వెలుగుకు పేరుపడ్డ ఊరు రోజుల తరబడి చీకట్లో మగ్గింది. ఆ నెల విశాఖలో ఉన్నవాళ్లెవరూ కొవ్వొత్తుల కోసం తిరిగిన తిరుగుడు మరిచిపోయి ఉండరు. తరువాత ఊరు తిరిగి లేచినప్పుడు వీధి దీపాల రూపమే మారిపోయింది. మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ ద్వారా 90 వేలకు పైగా పాత వీధి దీపాల స్థానంలో ఎల్ఈడీలు వెలిగాయి. పెద్ద ఎత్తున ఎల్ఈడీ వీధి దీపాలకు మారిన నగరాల్లో విశాఖ ముందు వరసలో నిలిచింది.

వీధిలోకి వచ్చిన వెలుగు ఇంట్లోకి రాకుండా ఉంటుందా? ఇంట్లోకి వచ్చింది, కారులోకీ వచ్చింది. కొత్తగా వచ్చే కార్లలో చాలావాటికి కంపెనీ నుంచే ఎల్ఈడీ ఫాగ్ లైట్లు ఉంటున్నాయి. పేచీ అంతా పాత కార్లతోనే.

బల్బు మారిస్తే సరిపోతుందా?

కంపెనీ హాలోజన్ ఫాగ్ లైటులో ఉండేది సన్నటి టంగ్‌స్టన్ తీగ. దాని చుట్టూ ఉన్న అద్దం లాంటి గిన్నె, అంటే రిఫ్లెక్టరు, ఆ తీగ ఎక్కడుందో లెక్కగట్టి తయారుచేసింది. తీగ నుంచి నలువైపులా వచ్చే వెలుగును పట్టి, రోడ్డు మీద చదునుగా పరచడం రిఫ్లెక్టరు పని. తీగ స్థానం ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా పరిచే తీరు మారిపోతుంది.

ఇప్పుడు అందులో తీగ బల్బు తీసేసి ఎల్ఈడీ బల్బు దూర్చామనుకోండి. అడుగు ఒకటే కాబట్టి చక్కగా కూర్చుంటుంది. కానీ వెలుగు పుట్టే తీరు వేరు. ఎల్ఈడీ చిప్పులు చదునుగా, రెండు పక్కలకు అతికించి ఉంటాయి. కొన్ని మూలలకు వెలుగు ఎక్కువ పోతుంది, కొన్నింటికి అసలు పోదు. చిప్పు సరిగ్గా తీగ ఉన్న చోటే లేకపోతే రిఫ్లెక్టరు గందరగోళపడుతుంది. కత్తితో కోసినట్టుండాల్సిన పై అంచు చెదిరి, వెలుగు పైకి ఎగజిమ్ముతుంది. మంచులో మళ్లీ అదే తెల్ల దుప్పటి! ఎదుటివాడికి కళ్లు బైర్లు. కారు దగ్గర నిలబడి చూసేవాళ్లకు మాత్రం ‘ఎంత వెలుగో’ అనిపిస్తుంది. రోడ్డు మీద పడాల్సింది గాలిలో పడుతోందని తెలీదు.

డబ్బా మీద రాసే అంకెల మాయ ఒకటి. కార్లలో ఎక్కువగా వాడే హెచ్‌11 హాలోజన్ బల్బు 55 వాట్లది. దాని వెలుగు సుమారు 1350 ల్యూమెన్లు. హెచ్‌8 అయితే 35 వాట్లు, హెచ్‌16 అయితే 19 వాట్లే. అంత తక్కువతోనే కంపెనీలు సరిపెడుతున్నాయంటే ఫాగ్ లైటుకు బలం కన్నా తీరు ముఖ్యమని అర్థం. డబ్బా మీద పది వేలు, ఇరవై వేల ల్యూమెన్లని కనిపిస్తే మురిసిపోకుండా కాస్త అనుమానించడం మంచిది.

అలాగని ఎల్ఈడీని తీసిపారేయనక్కర్లేదు. మంచి ఎల్ఈడీకి సుగుణాలు చాలానే ఉన్నాయి. రెండు 55 వాట్ల హాలోజన్లు కలిసి 9 ఆంపియర్లకు పైగా కరెంటు లాగితే, ఎల్ఈడీ జత అందులో సగం కూడా తీసుకోదు. సన్న తీగ ఉండదు కాబట్టి గతుకుల రోడ్డు కుదుపులకు తెగిపోదు. మంచు గడ్డకట్టే దేశాల్లో ఎల్ఈడీ లెన్సు వేడెక్కదు కాబట్టి దాని మీద హిమం పేరుకుంటుందని ఓ ఫిర్యాదు ఉంది. మన మన్యం చలికి ఆ బెడద లేదు.

తేడా అల్లా ఒకటే. బల్బు మార్చడం వేరు, మొత్తం దీపాన్ని మార్చడం వేరు. ఎల్ఈడీ కోసమే లెక్కగట్టిన రిఫ్లెక్టరు లేదా లెన్సు, గాజు, డొప్పతో సహా ఒకే యూనిట్‌గా వచ్చే ఫాగ్ లైటు ఉంటుంది. అందులో వెలుగు పోవాల్సిన చోటికే పోతుంది. జర్మనీ లాంటి దేశంలో 2020 దాకా హాలోజన్ హెడ్‌లైటులో ఎల్ఈడీ బల్బు పెట్టుకోవడానికి అనుమతే లేదు. ఆ ఏడాది ఇచ్చినప్పుడు కూడా ఫలానా బల్బు, ఫలానా మోడల్ కార్లలో మాత్రమే అని పరీక్షించి మరీ ఇచ్చారు. మనం టీ తాగేలోపు మార్చేసే వస్తువు వెనక అంత లెక్కుంది.

ఘాట్ ఎక్కితే తెలుస్తుంది

విశాఖ నుంచి మంచు దగ్గరకు ప్రధానంగా మూడు దారులు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లేది ఒకటి. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ రెండోది. దారిలో మాడుగుల హల్వా కొనకుండా ఎవరూ ముందుకు కదలరు! అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా లంబసింగి మూడోది. అరకు, పాడేరు, లంబసింగి ఇప్పుడు 2022లో ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. విశాఖవాళ్ల లెక్కలో మాత్రం ఇంకా ‘మన ఏజెన్సీ’యే.

లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగిపోయిన రోజులున్నాయి. ఆ ఊరికి ‘కొర్రబయలు’ అని ఇంకో పేరు. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందని చెబుతారు. మబ్బు లేని చలి రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది. నేలను ఆనుకున్న తేమ గాలి చల్లబడి బిందువులుగా మారుతుంది. బరువైన ఆ చల్లగాలి వాలు వెంట జారి లోయల్లో నిండుతుంది. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి కిందికి చూస్తే కనిపించే పాలసముద్రం ఇదే. పైనుంచి చూసేవాళ్లకు అది అందం. అదే సమయంలో ఆ పాలసముద్రం అడుగున బండి నడుపుతున్నవాడికి అది గండం!

వాతావరణ శాఖ లెక్కలో కనుచూపు కిలోమీటరు లోపుకు పడిపోతే పొగమంచు. 50 మీటర్ల లోపైతే అతి దట్టమైన పొగమంచు. ఇప్పుడు ఓ చిన్న లెక్క వేద్దాం. గంటకు 40 కిలోమీటర్లంటే మనకు నడకతో సమానం అనిపిస్తుంది. కానీ ఆ వేగంలో కారు సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని చూసి, బ్రేకు మీద కాలు పెట్టేసరికే సెకనున్నర గడుస్తుంది. అంటే 16 మీటర్లు. ఆ తరువాత తడి రోడ్డు మీద కారు ఆగడానికి ఇంకో పన్నెండు మీటర్లు. మొత్తం 28 మీటర్లు పైనే. కనుచూపు 30 మీటర్లే ఉంటే 40 వేగం కూడా అంచు మీద నడకే. ఎదుటి బండీ వస్తుంటే? ఆ ముప్పైని ఇద్దరూ పంచుకోవాలి.

ఎదుటివాడు అంటే ఎవరు? ఘాట్‌లో ఎదురయ్యేది మరో కారొక్కటే కాదు. ముగ్గురెక్కిన మోటారుసైకిలు. సరుకు తట్టలు నెత్తిన పెట్టుకుని సంతకు వరసగా నడిచే గిరిజన మహిళలు. రోడ్డు వారన కంబళి కప్పుకుని బడికో పనికో వెళ్లే పిల్లాడు. తొలి ట్రిప్పు ఆర్టీసీ బస్సు. మన కారులోని చెదిరిన ఎల్ఈడీ వెలుగు వాళ్ల కళ్లలో పడితే రెండు మూడు క్షణాలు ఏమీ కనపడదు. వయసు పైబడిన కళ్లయితే తేరుకోవడానికి ఇంకాస్త పడుతుంది. ఆ క్షణాల్లో మోటారుసైకిలు ఎటు తిరుగుతుంది? ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. లేదంటే మన మీదకే!

ఈ దారులు తప్పును మన్నించవు. 2021 ఫిబ్రవరి 12న అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. అది మంచు వల్ల జరిగింది కాదు. కానీ ఈ మలుపుల్లో ఒక్క పొరపాటు ఖరీదు ఎంతో చెప్పడానికి ఆ ఒక్క సాయంత్రం చాలు.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఈ మాటను సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఓ తీర్పులో గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేయించుకున్న యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలుంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ నిబంధన ఇంకా ఆసక్తికరం. బండి ముందు దీపం ఎదుటివాడి కళ్లు చెదరగొట్టకూడదని చెప్పి ఊరుకోలేదు, కొలత కూడా ఇచ్చింది. దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని ఆ వెలుగు జిగేల్మనిపించకూడదు. చూశారా... ఎదురొచ్చే మోటారుసైకిలు వాడి కన్ను ఇంచుమించు అక్కడే ఉంటుంది! ఇక బండి ముందు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు బిగించడాన్ని 111వ నిబంధన ముందస్తు అనుమతి లేకుండా ఒప్పుకోదు. జీపుల నెత్తిన వెలిగే పొడుగాటి ఎల్ఈడీ పట్టీలు పెట్టించుకునే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

పెట్టించుకోవాలనుకుంటే...

ముందుగా ఖర్చు లేని పని ఒకటి. బొగ్గూ, ఖనిజం ధూళీ ఎగిరే ఊరు మనది. షీలానగర్ నుంచి పోర్టు రోడ్డులో నాలుగు రోజులు తిరిగిన కారు ఫాగ్ లైటు గాజు మీద వేలుతో రాస్తే పేరు రాయొచ్చు. దాన్ని శుభ్రంగా తుడిచి, పాతబడిన హాలోజన్ బల్బుల జత మార్చి, దీపం వాలు సరిచేయించి చూడండి. చాలామందికి ఎల్ఈడీ అవసరమే ఉండకపోవచ్చు.

అయినా కావాలంటే, మీ కారు మోడల్‌లోనే పై రకానికి కంపెనీ ఎల్ఈడీ ఫాగ్ లైటు ఇస్తోందేమో షోరూములో అడగండి. అది దొరికితే అన్నిటికన్నా నిశ్చింత. బయట కొంటే ఒక్క బల్బు కాకుండా మొత్తం యూనిట్ తీసుకోండి. గాజు మీద వలయంలో ఆంగ్ల ‘ఈ’ అక్షరం, పక్కన అంకె ఉన్నాయేమో చూడండి. అది అంతర్జాతీయ ఆమోద ముద్ర. ముందు ఫాగ్ లైటు అని చెప్పడానికి ‘బి’ లేదా ‘ఎఫ్3’ అన్న గుర్తు కూడా ఉంటుంది. 

సముద్రపు ఊరు కాబట్టి ఉప్పుగాలి సంగతి మరవొద్దు. ఇక్కడ కనెక్టర్లకు తుప్పు తొందరగా పడుతుంది. నీరు, దుమ్ము దూరకుండా సీలు చేసిన యూనిట్ ఎంచుకోండి. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. కంపెనీ వైర్లను కోసి అతకడానికి ఒప్పుకోవద్దు. కోస్తే వారంటీ పేచీలొస్తాయి. సరిగా అతకని జాయింటు వేడెక్కితే నిప్పు భయం కూడా. కారుకు సరిపోయే కనెక్టరుతో, ఫ్యూజు ఉన్న వైరింగ్‌తోనే బిగించమనండి.

అన్నిటికన్నా ముఖ్యం గోడ పరీక్ష. చీకటి పడ్డాక చదునైన చోట, గోడకు పది మీటర్ల దూరంలో కారు నిలిపి ఫాగ్ లైట్లు మాత్రమే వెలిగించండి. గోడ మీద వెలుగుకు పై అంచు గీతలా కనిపించాలి. ఆ గీత దీపం ఎత్తు కన్నా కనీసం పది సెంటీమీటర్లు దిగువన ఉండాలి. గీతే లేకుండా వెలుగు గోడంతా పాకితే ఆ దీపం మంచుకు పనికిరాదు, ఎంత ఖరీదైనా సరే. తరువాత ఇంట్లో ఒకరిని 8 మీటర్ల ముందు, కాస్త కుడిపక్కగా నిలబెట్టి, కళ్లు మీటరున్నర ఎత్తులో ఉండేలా వంగి చూడమనండి. వాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకున్నారా... ఎదురొచ్చేవాడి పరిస్థితీ అంతే!

మంచులో మరవకూడనివి

• లోబీమ్, ఫాగ్ లైట్లు కలిపి వాడాలి. హైబీమ్ జోలికి పోవద్దు.

• కనిపిస్తున్న దూరంలో సగంలోనే ఆగగలిగే వేగంలో పోవాలి. 20 అయితే 20!

• ఎడమ పక్క తెల్లగీతను పట్టుకుని నడపాలి. ముందు బండి వెనక దీపాలను నమ్ముకుని అంటిపెట్టుకుని వెళ్లొద్దు.

• కదిలే బండికి నాలుగు ఇండికేటర్లూ వెయ్యొద్దు. ఎటు తిరుగుతున్నారో ఎదుటివాడికి తెలీదు.

• అద్దం కొద్దిగా దించండి. మలుపు అవతలి హారన్ మంచులోనూ వినిపిస్తుంది. పాటలు ఘాట్ దిగాక వినొచ్చు.

• ఘాట్‌లో ఎక్కే బండికే మొదటి దారి. దిగేవాళ్లు ఆగాలి.

• మరీ దట్టంగా ఉంటే రోడ్డు మీద కాదు, రోడ్డు దిగి విశాలమైన చోట ఆపండి. వేడిగా ఓ కాఫీ తాగేలోపు సూర్యుడు పైకొస్తాడు. అరకు కాఫీ ఉన్నది అందుకే కదా!

ఎండెక్కేకొద్దీ మంచు పలచబడుతుంది. లోయలో పసుపు వలిసె పూల చేలు, వాటి వెనక కొండలు ఒక్కొక్కటే బయటపడతాయి. పిల్లలు వెనక సీట్లోంచి లేచి కేరింతలు కొడతారు. ఆ సంబరంలో చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. మంచు విడిపోయింది కదా... ఫాగ్ లైట్లు ఆపారా?